నేను రాసిన అక్షరదోషం మా నాన్న నోట విన్నాను

ఊరి పేరు రాయవద్దని కోరారు కాబట్టి, కృష్ణా డెల్టాలోని ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది అని మాత్రం చెబుతాను. రాసినాయన వయసు 29. ఇంజినీరింగ్ పూర్తయ్యాక రెండేళ్లు ఉద్యోగం కోసం తిరిగి, మూడేళ్ల కిందట హైదరాబాద్‌లో సినిమాలకు ఆన్‌లైన్ ప్రచారం చేసిపెట్టే ఒక సంస్థలో చేరారు. మొదట్లో పాట విడుదలైతే ట్రెండ్ వేయడం, పోస్టరు వస్తే పొగడటం వరకే పని. తరువాత, తమ చేతిలో ఉన్న సినిమాకు పోటీగా వచ్చేదాన్ని ‘నెగెటివ్ చేసే’ పని కూడా వచ్చిపడింది. ఇప్పుడు ఆయన చేతి కింద 32 ఐడీలు ఉన్నాయి. వాటిలో 11 ఆడపేర్లతో నడుస్తాయి. కొన్నిటికి పెట్టిన ఫొటోలు ఎవరివో, ఎక్కడి నుంచి తెచ్చారో ఆయనకు తెలియదు. ఏ ఐడీ ఏ గంటకు ఏమనాలో ఒక షీట్‌లో ముందుగానే రాసి ఉంటుంది. “అమెరికా ప్రీమియర్‌లో ఇంటర్వెల్ పడకముందే ‘సెకండాఫ్ మరీ సాగింది’ అనే వాక్యం మా షీట్‌లో సిద్ధంగా ఉంటుంది” అని రాశారు.

మొన్నటి సంక్రాంతికి ఆ పని ఇంకో మెట్టు దిగింది. సినిమా సంగతి వదిలేసి, అందులోని హీరో కుటుంబం ఏ పార్టీ వైపు ఉంది, ఎవరిని ఏమంది అన్నదాని మీద రాయమన్నారు. ఈయన రాసిన వాక్యాల్లో ఒకటి, “ఇది సినిమా కాదు, మనవాళ్లందరికీ జరిగిన పరాభవం” అన్నది. తొందరలో ‘పరాభవం’ కాస్తా ‘పరభావం’ అయింది. దిద్దే తీరిక లేక అలాగే 32 ఐడీల నుంచి వెళ్లిపోయింది.

కనుమ నాడు ఇంటికి వెళ్లారు. గారెలు, కోడికూర, అన్నదమ్ముల రెండు కుటుంబాలు, వరండాలో వరసగా విస్తళ్లు. బాబాయి భోగి రోజు పిల్లలందరినీ ఆ సినిమాకు తీసుకువెళ్లాడని తెలిసి నాన్నగారు నిష్ఠూరమాడారు. “నువ్వు చూశావా అన్నయ్యా?” అని బాబాయి అడిగితే, “చూడక్కర్లేదు, ఇది చదువు” అంటూ ఫోను తీసి పైకి చదివారు. “మనవాళ్లందరికీ జరిగిన పరభావం.” అక్షరం పొల్లుపోకుండా, ఆ తప్పుతో సహా. మాట మీద మాట పెరిగి, బాబాయి సగం విస్తరి మీద నుంచి లేచిపోయాడు. మాఘమాసంలో జరిగిన చెల్లెలి నిశ్చితార్థానికి రాలేదు. పిన్ని వచ్చి, భోజనం చేయకుండానే వెళ్లింది. రెండు చేలకూ ఒకే బోదె నీళ్లు. ఇప్పుడు వంతు గురించి మాట్లాడుకోవాలన్నా మధ్యలో పాలేరు ఉండాలి. పెళ్లి వైశాఖంలో.

ఈ పాఠకుడు అడిగినవి ఇవి. నేను మానేసినంత మాత్రాన ఆగుతుందా, ఎటు చూసినా సగం బాట్లే కదా? అవతలివాళ్లూ ఇదే చేస్తుంటే నేనొక్కణ్ణే హరిశ్చంద్రుణ్ణి ఎందుకు కావాలి? నెలకు 38 వేల జీతంలో 14 వేలు అప్పుకే పోతుంటే ఉద్యోగం ఎలా వదలను? ఇది నేరమా? నాన్నకు చెప్పాలా?

* * *

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ప్రశ్నల వరసను కొంచెం మారుస్తున్నాను, ఎందుకంటే మొదటి ప్రశ్నలో మీరు ‘బాట్లు’ అన్న మాట వెనక దాక్కున్నారని నాకు అనిపించింది. దాన్ని తేల్చకుండా మిగిలినవి తేలవు.

బాట్ అంటే మనిషి ప్రమేయం లేకుండా, రాసిపెట్టిన ప్రోగ్రాము ప్రకారం తనంతట తాను పోస్టు చేసే ఖాతా. మీ 32 ఐడీలు అలాంటివి కావు. వాటి వెనక ఒక మనిషి కూర్చుని, ఎదుటివాడికి ఏ మాట గుచ్చుకుంటుందో ఆలోచించి రాస్తున్నాడు. ఆ మనిషి మీరు. ఈ తేడాను పట్టించుకోకపోతే ఎంత గందరగోళం వస్తుందో చెప్పడానికి ఒక పాత ఉదాహరణ ఉంది. 2017 డిసెంబరులో విడుదలైన ‘స్టార్ వార్స్: ద లాస్ట్ జెడై’ మీద ఆన్‌లైన్‌లో పెద్ద రగడ జరిగింది. ఆ దర్శకుడు రయన్ జాన్సన్‌ను ఉద్దేశించి ఏడు నెలల్లో వచ్చిన 967 ట్వీట్లను మోర్టన్ బే అనే పరిశోధకుడు 2018లో పరిశీలించాడు. వాటిలో వ్యతిరేకమైనవి 206. ఆ 206లోనూ సగానికి కాస్త ఎక్కువ, అంటే 105, రాజకీయ ఉద్దేశంతోనో ముసుగు ఖాతాల నుంచో వచ్చాయని ఆయన తేల్చాడు. ఇది బయటికి రాగానే ‘ఆ సినిమాను తిట్టినవాళ్లలో సగం రష్యా బాట్లే’ అన్న అర్థం వచ్చేలా శీర్షికలు వెలువడ్డాయి. అసలు లెక్క చూస్తే యంత్రాలుగా తేలినవి 11 మాత్రమే. ముసుగు వేసుకుని రెచ్చగొట్టిన ఖాతాలు 33. మిగిలిన 61 తమ రాజకీయాలు దాచుకోని మనుషులవి. ఇక ఆ 206లో రెండో సగం, టికెట్టు కొనుక్కుని వెళ్లి సినిమా నచ్చక బయటికి వచ్చిన మామూలు ప్రేక్షకులు.

కాబట్టి ‘సగం బాట్లే’ అన్న మాట అక్కడా నిజం కాదు, మీ విషయంలో అసలే కాదు. ఆ మాట రెండు వైపులా పనికొస్తుంది మరి: సినిమా బాగోలేదన్నవాడిని నిర్మాత ‘పెయిడ్ బ్యాచ్’ అని కొట్టిపారేయవచ్చు, డబ్బు తీసుకుని రాసినవాడు ‘నేను కాకపోతే యంత్రం’ అని నిద్రపోవచ్చు.

ఇంకొక లెక్క కూడా చెబుతాను. హాలీవుడ్ సినిమా ‘జస్టిస్ లీగ్’ను మొదటి దర్శకుడు జాక్ స్నైడర్ తలపెట్టిన రూపంలో విడుదల చేయాలని అభిమానులు ఏళ్ల తరబడి నడిపిన ఉద్యమం గుర్తుండే ఉంటుంది. ఆ సంభాషణలో పాల్గొన్న ఖాతాల్లో కనీసం 13 శాతం నకిలీవని, సాధారణంగా ఇటువంటి చర్చల్లో ఇది 3 నుంచి 5 శాతం ఉంటుందని, ఆ సినిమా తీసిన స్టూడియో యాజమాన్యం చేయించిన నివేదికల ఆధారంగా రోలింగ్ స్టోన్ పత్రిక 2022 జూలైలో రాసింది. 13 శాతం చాలా ఎక్కువే. కానీ దాన్ని తీసేస్తే మిగిలేది జనమే. మీ వృత్తి నిలబడింది కూడా ఈ లెక్క మీదే. 32 ఐడీలు కలిసి ఒక సినిమాను ఆడించలేవు, ఆపలేవు. మొదటి రెండు మూడు గంటల్లో నలుగురూ అనుకుంటున్నట్టు కనిపించేలా చేయగలవు, అంతే. ఆ తరువాత మోసేది మీ నాన్నగారి వంటివాళ్లు, ఉచితంగా, మనస్ఫూర్తిగా.

మీ ఉత్తరంలో “నాన్న మోసపోయారు” అని రాశారు. నేను ఆ మాటతో పూర్తిగా ఏకీభవించను. ఆయన బుద్ధితక్కువ మనిషి కాదు. తెలుగునాట సినిమా మీద అభిప్రాయానికి రాజకీయం అంటుకోవడం ఐడీలు పుట్టాక మొదలైంది కాదు. 1982 మార్చిలో ఎన్టీఆర్ పార్టీ పెట్టి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిన నాటి నుంచి, 2008లో చిరంజీవి, 2014లో పవన్ కల్యాణ్ పార్టీలు పెట్టడం వరకు చూసిన మనిషికి, తెర మీది హీరో, బ్యాలెట్ మీది గుర్తు వేరువేరుగా కనిపించకపోవడంలో వింతేమీ లేదు. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35తో టికెట్ ధరలకు కళ్లెం వేసినప్పటి నుంచి 2022 మార్చిలో వాటిని సవరించేదాకా, “టికెట్ ఎంతట?” అన్న ప్రశ్న కూడా పార్టీ ప్రశ్నే అయి కూర్చుంది. 2025 ఫిబ్రవరిలో ‘లైలా’ సంగతి మీ వృత్తిలోవారు మరిచిపోయి ఉండరు. విడుదలకు ముందు వేడుకలో ఒక నటుడు మేకల మందలో చివరికి 11 మిగిలాయని వేసిన చమత్కారం, 2024 ఎన్నికల్లో 11 స్థానాలు వచ్చిన పార్టీ అభిమానులకు తగిలింది. సినిమాను బహిష్కరించమంటూ ట్రెండ్ నడిచింది. వేదిక మీద ఆ మాట అనని హీరో విలేకరుల ముందుకొచ్చి క్షమాపణ చెప్పవలసి వచ్చింది. సినిమా ఆడలేదు. సమీక్షలూ బాగా రాలేదు కనుక, బహిష్కరణ వల్లే పోయిందని ఎవరైనా అంటే నేను నమ్మను. ఎంత వాటా దేనిదో తేలనివ్వకపోవడమే ఇలాంటి గొడవ చేసే మొదటి నష్టం.

అంటే మీ నాన్నగారి గుండెలో ఉన్న కోపం మీరు తయారు చేసింది కాదు. అది ఎప్పటినుంచో ఉంది. మీరు దానికొక వాక్యం ఇచ్చారు. ఈ రెండింటికీ తేడా ఉందని చెప్పడం మిమ్మల్ని ఓదార్చడానికి కాదు. ఆ ‘లాస్ట్ జెడై’లోనే నటించిన కెల్లీ మేరీ ట్రాన్, తన మీద వచ్చిపడిన ద్వేషం భరించలేక 2018 జూన్‌లో ఇన్‌స్టాగ్రామ్‌లోని పోస్టులన్నీ తీసేసింది. తరువాత ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో రాస్తూ, తనను దెబ్బతీసింది వాళ్ల మాటలు కాదని, ఆ మాటలను తాను నమ్మడం మొదలుపెట్టడమేనని చెప్పింది. దొంగ ఐడీ నుంచి వచ్చిన వాక్యం నిజమైన మనిషి నోట పడగానే ఆ మనిషిదైపోతుంది. ‘పరభావం’ అన్న మాట పుట్టింది మీ ఆఫీసు షీట్‌లో. కానీ విస్తరి ముందు అది మీ నాన్నగారి మాట, మీ బాబాయికి తగిలింది అన్నగారి మాట. రేపు ఆ 32 పోస్టులూ తీసేసినా అది వెనక్కి రాదు. అందుకని ఉద్యోగం సంగతి, ఇంటి సంగతి ఒకదాని వెనక ఒకటి కట్టకండి. రాజీనామా చేస్తే బాబాయి తిరిగి రాడు. బాబాయి తిరిగి వచ్చినా ఆఫీసు షీట్ మారదు.

అవతలివాళ్లూ చేస్తున్నారన్నది నిజమే. 2019 ఏప్రిల్ 1న ఫేస్‌బుక్, కాంగ్రెస్ ఐటీ సెల్‌తో సంబంధమున్న వ్యక్తులవని చెబుతూ 687 పేజీలను, ఖాతాలను తీసేసింది. అదే రోజు మోదీ అనుకూల ప్రచారంతో ముడిపడిన సిల్వర్ టచ్ అనే ఐటీ కంపెనీ వ్యక్తులవని చెబుతూ 15 పేజీలు, గ్రూపులు, ఖాతాలను తొలగించింది. అప్పుడు ఫేస్‌బుక్ చెప్పిన కారణం మీరు గమనించాలి: రాసిన విషయం చూసి తీయలేదట, ఎవరు రాస్తున్నారో దాచి ఒక మూకలా నటించినందుకు తీశామంది. “నేను రాసింది అభిప్రాయమే కదా” అన్న మీ వాదన నిలవనిది ఇక్కడే. మీకు అభిప్రాయం ఉంటే దానికి మీ పేరు ఉండేది. మా ఊళ్లో ప్రత్యర్థి హీరో పోస్టరు మీద పేడముద్ద కొట్టిన కుర్రాడు ఫలానావాడని సాయంత్రానికి అందరికీ తెలిసేది. వాడి తండ్రి చేతి దెబ్బ వాడికి తగిలేది. అది సంస్కారమని నేననను. కానీ ఒక్కడు కొట్టింది ఒక్క ముద్దగానే కనిపించేది.

ఇక నేరమా అన్నది. నేను న్యాయవాదిని కాను, మీరు ఒకరిని కలవాలి. కలిసేటప్పుడు తెలిసి ఉండవలసినంత మాత్రం చెబుతాను. ఒక సినిమా బాగోలేదని రాయడం నేరం కాదు. నొప్పించే పోస్టు పెట్టినంత మాత్రాన అరెస్టు చేయడానికి వాడిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టినవి వేరే రెండు. మొదటిది, ఎవరివో తెలియని ఫొటోలు. ఒక నిజమైన అమ్మాయి ముఖం పెట్టుకుని మీరు మాట్లాడుతూ ఉంటే, ఇతరుల గుర్తింపును దొంగిలించడం, కంప్యూటర్ సాయంతో మరొకరిలా నటించి మోసగించడం గురించిన ఐటీ చట్టం 66సి, 66డి సెక్షన్లు వర్తించే ప్రమాదం ఉంది. రెండింటికీ మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. రెండోది కులం. 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్, కులం, మతం వంటివాటి పేరిట వర్గాల మధ్య శత్రుత్వం రేపడం గురించినది. మీ ‘మనవాళ్లు’ అన్న వాక్యం దాని కిందికి వస్తుందో రాదో నేను చెప్పలేను, కానీ రేపు షీట్‌లో వచ్చే వాక్యం ఇంత మెత్తగా ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? ఫిర్యాదు వస్తే పోలీసులు వెతికేది పోస్టు ఏ ఫోను నుంచి, ఏ నంబరు మీద వెళ్లిందన్నది. ఆ సిమ్ములు ఎవరి ఆధార్ మీద తీశారో, ఇంకే పని చేయకపోయినా, ఈ వారంలోనే కనుక్కోండి.

ఉద్యోగం విషయంలో మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి, ఏదీ ఉచితం కాదు. వెంటనే మానేయడం ఒకటి. మనసు తేలికపడుతుంది, రెండో నెల వాయిదా కట్టలేనప్పుడు అదే మనసు మళ్లీ బరువెక్కుతుంది. పెళ్లి ముందు ఇంట్లో డబ్బు అవసరం గురించి మీరు రాసినదాన్ని బట్టి, చేతిలో కనీసం నాలుగు నెలల వాయిదాలు లేకుండా ఈ దారి పట్టమని నేను చెప్పలేను. రెండోది, ఉంటూనే కొంత పని చేయనని చెప్పడం. పాటలు, ట్రైలర్లు, నటుల ఇంటర్వ్యూలు, సంస్థ సొంత పేరుతో వెళ్లే ప్రచారం, ఇవి చేస్తాను. ముసుగు ఐడీలు, కులం, పార్టీ చేయను అని పైఅధికారికి మెయిల్‌లో, మర్యాదగా, కారణంగా చట్టం భయాన్ని మాత్రమే చూపిస్తూ రాయండి. నీతి గురించి రాస్తే వాదనకు దిగుతారు, కేసు గురించి రాస్తే ఆలోచిస్తారు. ఒప్పుకోవచ్చు. పక్క సీటుకు ఆ షీట్ మార్చి, మెల్లగా మిమ్మల్ని పక్కన పెట్టవచ్చు కూడా. అయినా రేపు ఏదైనా జరిగినప్పుడు, వద్దన్నట్టు మీ దగ్గర తేదీతో సహా కాగితం ఉంటుంది. నాకైతే ప్రస్తుతానికి ఇదే మీకు సరిపోతుందనిపిస్తోంది, వెంట వేరే ఉద్యోగం వెతుక్కోవడం ఆగకపోతేనే. ఆగితే మాత్రం, ఆర్నెల్లలో ఆ 32 ఐడీలు మళ్లీ మీ దగ్గరికే వస్తాయి.

మూడోది, మీరు ఉత్తరం చివర రాసి కొట్టేసినది. కొట్టివేత కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ షీట్ల ఫొటోలు తీసి అంతా బయటపెట్టేయడం. దానివల్ల పదిమందికి తెలియడం మంచిదే, కాదనను. కానీ మీరు సంతకం చేసిన ఉద్యోగ ఒప్పందంలో ఏముందో న్యాయవాది చదవకుండా, తన పేరుతో రాసి బాధ్యత వహించే విలేకరి తోడు లేకుండా, ఒంటరిగా ఫోనులోంచి చేస్తే, సాయంత్రానికి మీరు కూడా ఒక ట్రెండ్ అవుతారు. మీ మీద కూడా ఒక షీట్ తయారవుతుంది. అందులో మీ ఊరు, మీ కులం, మీ చెల్లెలి పెళ్లి ఉంటాయి. దీన్ని పెళ్లి అయ్యేదాకా తలపెట్టకండి.

చివరికి నాన్నగారికి చెప్పడం. చెప్పకుండా ఉండవచ్చు. ఉంటే, ఇంకో సంక్రాంతికి ఇంకో వాక్యం చదువుతారు, మీరు మళ్లీ తల వంచుకుని గారెలు తింటారు. చెబితే ఆయనకు కోపం రావడం ఖాయం. ఆ కోపం మీరు చేసిన పని మీద మాత్రమే ఉండదు, తమ్ముడి ముందు తనను నవ్వులపాలు చేసినందుకు కూడా ఉంటుంది. అందుకే ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పకండి. ముందు నాన్నగారికి ఒంటరిగా, చేలో గట్టు మీదో ఎక్కడో, ఎదురుగా కాక పక్కన నడుస్తూ చెప్పండి. “మీరు మోసపోయారు” అనకండి. “ఆ మాట నేను రాశాను, సినిమా చూడకుండానే రాశాను” అనండి. ఆయన పార్టీ గురించి, ఆయన అభిమానం గురించి ఒక్క ముక్క మాట్లాడకండి, అది ఆయన ఇష్టం. ఆయన నమ్మకపోవచ్చు కూడా. సొంత కొడుకు చెబుతున్నా, ఫోనులో వచ్చిందే నిజమనిపించే రోజులివి. నమ్మకపోతే వాదించకండి, నాలుగు రోజులు వదిలేయండి.

బాబాయికి చెప్పేది మాత్రం మీరే కావాలి, నాన్నగారు కాదు. నిశ్చితార్థానికి రాని మనిషికి పోస్టులో శుభలేఖ వెళితే అది ఇంకో దెబ్బ. అమ్మ, మీరు కలిసి బొట్టుపెట్టి పిలవడానికి వెళ్లండి. పిన్ని లోపలికి రమ్మన్నాక, కూర్చున్నాక, శుభలేఖ చేతికి ఇవ్వకముందు ఫోను తీసి ఆ పోస్టు చూపించండి. ‘పరభావం’ అన్న ఆ తప్పు మీద వేలు పెట్టి, ఇది నాది బాబాయీ అనండి. ఆయన ఏమంటారో నాకు తెలియదు. కాఫీ తాగకుండా మాత్రం లేవకండి.